అద్దం కింద దేశం

పోయిన వారం మనం అద్దాలాయన్ని భోజనాల బల్ల ముందు, రెండు చేతుల్లో కొత్త అద్దం పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆ మనిషి అలాగే నిలబడి ఉన్నాడు పాపం. మోసేవాడికి తెలుస్తుంది బరువు, చదివేవాళ్ళకేం.

ఆయన దాన్ని దించుకునేలోగా, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు.

అద్దాలాయన భార్య కారు ప్రమాదంలో పోయి ఏడాది దాటింది. ఆ కారు నడిపింది ఆవిడ తండ్రి. ఆ కారు ముందు వైపు అద్దం బిగించింది ఆవిడ మొగుడు, అంటే మన అద్దాలాయనే. తండ్రీకూతుళ్ళు పాస్‌పోర్టుల పని మీద వెళ్తుంటే కారు పోయి కల్వర్టు పిట్టగోడకి గుద్దుకుంది. "ఎండ అద్దంలో భగ్గున మెరిసింది, ఏమీ కనపడలేదు" అని పెద్దాయన ఆస్పత్రి మంచం మీద నుంచి పోలీసులకి చెప్పాడు. ఆ ఒక్క మాటతో, కారు నడిపినవాడి తప్పు కాస్తా అద్దం పెట్టినవాడి మెడకి చుట్టుకుంది. పోలీసులు కేసు మూసేశారు. ఇంట్లోవాళ్ళు మూయలేదు. "నువ్వు పెట్టిన అద్దమే బావా" అని మరదలు శవం పక్కన నిలబడి అన్న మాట, అద్దాలాయన చెవిలో ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మామగారు చరిత్ర మాస్టారు. సముద్రం ఒడ్డున గోడలు కట్టుకున్న ఒక పాత దేశం గురించి జన్మంతా పాఠాలు చెప్పాడు. రాజులు, ముట్టడులు, మునిగిపోయిన రేవులు, అన్నీ నోటికి వచ్చు. ఒక్కసారి కూడా చూసింది లేదు. పెద్దకూతురికి ఊయల్లో ఉన్నప్పటి నుంచీ ఆ దేశమే కథ. ఎప్పటికైనా నాన్నని అక్కడికి తీసుకెళ్ళాలని ఆవిడ పట్టు. మొగుణ్ణి కూడా. "అక్కడ గాజు ఊదేవాళ్ళ వీధి ఉందిటండీ, వెయ్యేళ్ళ నాటి కొలుములు ఇంకా చల్లారలేదుట. మీ కులదైవాలు అక్కడే ఉన్నారు, ఓసారి దణ్ణం పెట్టుకుని వద్దాం" అని వేళాకోళమాడేది. ఆవిడ పోయింది, ప్రయాణం మిగిలింది. ముసలాయన వెళ్ళి తీరాలన్నాడు. అల్లుడు సరేనన్నాడు. ఇష్టమై కాదు. కూతుర్ని చంపినవాడు, ఆ తండ్రే అడిగితే కాదంటాడా?

ఆ ఆదివారం సాయంత్రం మరదలు రావాలి. టికెట్లు కోసే ఆఫీసులో ఆ పిల్లకి ఉద్యోగం. వచ్చి, చివరి మాట అడిగి, టికెట్లు ఖాయం చేసేస్తుంది. ఆ పిల్ల పెట్టిన షరతు ఒక్కటే. నాన్న కళ్ళు బాగుండాలి. ఈ మధ్య ఎదుటివాళ్ళ గొంతు వినేదాకా నాన్న మనుషుల్ని పోల్చుకోవట్లేదని దానికి అనుమానం. ఏమాత్రం తేడా ఉన్నా ప్రయాణం రద్దు, నాన్న తన ఇంటికి.

ఇదీ సంగతి. ఇక అద్దం దించుదాం.

బల్ల మీద పాత అద్దం పగలడానికి కారణం మాస్టారే. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె తెచ్చి దాని మీద పెట్టాడు. అద్దానికి ఒళ్ళు మండితే అరవదు, విరుగుతుంది. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు ఉంటారు. అద్దాలాయన ఆ బాపతే.

ఆ అద్దం కింద పరిచి ఉన్నది ఆ పాత దేశం పటం. పెళ్ళికి ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది. నీలం రంగు సముద్రం, గోధుమరంగు కొండలు, ఎర్ర గీతలతో పాత రాజధాని గోడలు. భోజనాలు, తగువులు, పెళ్ళిచూపులు అన్నీ ఆ దేశం మీదే జరిగాయి. తేమకి కాగితం పాత అద్దాన్ని అంటుకుపోయింది. అద్దాలాయన తడిగుడ్డతో అద్ది, చంటిపిల్లాడి పొత్తిగుడ్డ విప్పినంత నెమ్మదిగా విడదీశాడు. ఆరబెట్టాడు. బల్ల తుడిచి, పటం పరిచి, దాని మీద కొత్త అద్దం దించాడు. అంచులు నిన్ననే సాన పట్టి ఉంచాడు, ముసలాయన చేతులు కోసుకోకుండా.

పాత అద్దంలోంచి పనికొచ్చే ముక్క ఒకటి కోసి కిటికీ గట్టు మీద ఉంచుకుని, మిగతాది గోనెలో చుట్టి మూల పెట్టాడు. అప్పటికి ఎండ పడమటి కిటికీలోంచి గదిలోకి వాలింది.

"అయిందా?" అని లోపలి గది గుమ్మంలోంచి మాస్టారి గొంతు.

"అయింది మాస్టారూ."

మామయ్యా అని ఆయన్ని ఎన్నడూ పిలవలేదు. దానికో కథ ఉంది. ఈ అల్లుడు ఒకప్పుడు ఆయన క్లాసులోనే కుర్రాడు. బంతి తగిలి కిటికీ అద్దం పగిలితే, "పగలగొట్టినవాడు కొత్తది పెట్టించేదాకా బడి గుమ్మం తొక్కద్దు" అన్నాడు మాస్టారు. కుర్రాడు అద్దాల కొట్టుకి పోయి, అక్కడ చాకిరీ చేసి, అద్దం కొయ్యడం నేర్చుకుని, తనే వచ్చి ఆ కిటికీకి కొత్తది బిగించి, బయట నుంచి బయటికే వెళ్ళిపోయాడు. మళ్ళీ బడికి రాలేదు. పిల్లనివ్వాల్సి వచ్చినప్పుడు మాస్టారికి గుర్తొచ్చింది ఆ కిటికీయే. "ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు, నేను గెంటేసినవాడు తప్ప?" అని కూతుర్ని అడిగాడట. "గెంటింది మీరేగా నాన్నా, పట్టుకునేవాళ్ళు ఒకరుండాలిగా" అందట ఆవిడ.

మాస్టారు వచ్చాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, చుట్టూ తిరిగి, కూర్చున్నాడు. అద్దం అంచు మీద వేళ్ళు నడిపించాడు.

"నున్నగా పట్టావు."

"ఊఁ."

"కానీ. పుస్తకం తియ్యి."

ప్రతి ఆదివారం ఇదే తంతు. అల్లుడు ఎదురుగా కూర్చుని, ఆ దేశం గురించిన లావుపాటి పుస్తకాన్ని గట్టిగా చదవాలి. మామ వినాలి. ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఏ కోట పొద్దున చూడాలి, ఏ సమాధి సాయంత్రం చూడాలి అనేది పటం మీద వేలు పెట్టి తేల్చాలి. "నేను చదువుకోలేకనా? నీ నాలుక తిరగాలని" అనేవాడు మాస్టారు. అద్దాలాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే, ఎడ్లబండి గతుకుల్లో పోయినట్టుండేది. మాస్టారు మధ్యలో ఆపి, తప్పులు దిద్ది, తర్వాతి వాక్యం తనే చెప్పేసేవాడు. బడి వదిలేసిన నేరానికి ఇన్నేళ్ళకి పడ్డ శిక్ష అనుకునేవాడు అల్లుడు. తల వంచుకుని అనుభవించేవాడు. ఆ తల వంచుకోవడంలోనే ఉంది అసలు విషయం. భార్య పోయిన దగ్గర్నుంచి ముసలాయన ముఖంలోకి ఒక్కసారి కూడా సూటిగా చూడలేదు. చూడ్డానికి ముఖం చెల్లలేదు.

"మొదటి రోజు రేవులో దిగుతాం" అన్నాడు మాస్టారు. బల్ల మూల నుంచి జానెడు కొలిచి, అక్కడ వేలు ఆనించాడు. "ఇక్కడ. దిగగానే కుడిచేతి వైపు చేపల వీధి. అది దాటితే సముద్రం గోడ మొదలు."

అద్దాలాయన పుస్తకంలోంచి కళ్ళెత్తాడు. మాస్టారి వేలు కొండల మీద ఉంది.

ఏదో మాట్లాడబోయి ఆగాడు. పటం వైపు మళ్ళీ చూశాడు. అప్పుడు గానీ తను చేసిన పని తనకి తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆయన కూర్చున్నది మాస్టారికి ఎదురు కుర్చీలో. ఆ దేశాన్ని ఎప్పుడూ తలకిందులుగానే చూశాడు. ఇవాళ తన కుర్చీ వైపే నిలబడి పటం పరుస్తూ, చెయ్యి తనకి తెలియకుండానే దాన్ని తన వైపు తిన్నగా తిప్పి వేసేసింది. మొదటిసారి సముద్రం తన ముందు కింద ఉంది, కొండలు మాస్టారి పొట్ట దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు తిడతాడు, అనుకున్నాడు. 'ఎవడ్రా పటం తిప్పింది, దిక్కులు కూడా తెలియని దద్దమ్మ' అంటాడు. కాచుకుని కూర్చున్నాడు.

"చదవ్వేం? గోడ దగ్గర ఆగావు."

"చదువుతున్నా మాస్టారూ."

"రెండో రోజు కొండెక్కుతాం. పెద్దది ఎప్పుడూ అనేది, ఆ మెట్లు జనం కాళ్ళకి అరిగి అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయని. మెల్లగా ఎక్కుదాం, తొందరేముంది." మాస్టారి వేలు జానెడు మీద జానెడు వేసుకుంటూ వెళ్ళింది. "ఇదిగో, ఈ కొండ."

వేలు నడిసముద్రంలో ఉంది. చుట్టూ నీలం తప్ప గోరంత నేల లేదు.



హాస్యమాడుతున్నాడా? ఈ మనిషి జన్మలో హాస్యమాడలేదు. పరీక్ష పెడుతున్నాడా? అదైతే ఆయన బుద్ధే. అద్దాలాయన పుస్తకం మీద చెయ్యి వేసి ఉంచి, నోటికొచ్చిన వాక్యమేదో చదువుతూనే, రెండో చేత్తో కిటికీ గట్టు మీదున్న అద్దం ముక్క అందుకున్నాడు. అద్దాల పనివాడికి ఎండతో ఆడుకోవడం కొత్తగా నేర్పక్కర్లేదు. ముక్క కొద్దిగా వంచాడు. ఎండ బిళ్ళ ఒకటి గోడ మీద పుట్టి, వణుక్కుంటూ దిగి, బల్ల మీద పాకి, సముద్రం దాటి, మాస్టారి చొక్కా గుండీల మీదుగా గెడ్డం ఎక్కింది. అక్కడ ఒక క్షణం ఆగింది. ఆగింది ఎండ కాదు, అద్దాలాయన చెయ్యి.

తర్వాత దాన్ని నేరుగా కళ్ళల్లో వేశాడు.

మాస్టారి కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు గుడ్లూ ఎండలో గాజు గోళీల్లా మెరిశాయి. రెప్ప పడలేదు.

"మూడో రోజు గాజువాళ్ళ వీధి" అంటున్నాడు మాస్టారు. "అది నీ కోసం పెట్టింది. పోనీ, దాన్ని..." ఆగి, మొహం మీద చెయ్యి వేసుకుని తడుముకున్నాడు. "ఏమిటయ్యా, వెచ్చగా తగిలింది? కిటికీ తీశావా?"

అద్దాలాయన ముక్క దించేశాడు. ఎండ బిళ్ళ బల్ల కిందెక్కడో పడి చచ్చిపోయింది.

ఏడాది దాటాక ముసలాయన ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. చూసే కళ్ళు లేని ముఖంలోకి చూడ్డం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

"మీ వేలు ఎక్కడుందో తెలుసా మాస్టారూ?"

"కొండ మీద."

"సముద్రంలో ఉంది."

మాస్టారి వేలు కదల్లేదు. వేలి చుట్టూ అద్దం మీద ఆవిరి చుక్క కమ్మింది.

"నేను పటం తిప్పి వేశాను" అన్నాడు అద్దాలాయన. "కావాలని కాదు, పొరపాటున. మీకు కనపడితే అప్పుడే అరిచేవాళ్ళు."

కింద వీధిలో ఎవరో మోటార్ సైకిల్ తన్ని తన్ని స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవట్లేదు.

"బడి మానేసినా బుర్ర మాత్రం మానలేదన్నమాట నీకు" అన్నాడు మాస్టారు చివరికి. ఆ గొంతులో వెటకారం పాతదే, జోరు మాత్రం తగ్గింది.

"పూర్తిగా పోయాయా?"

"వేసవి దాకా వెలుగూ నీడా తెలిసేవి. ఇప్పుడు అదీ లేదు. గుడ్డికన్ను తెరిస్తేనేం, మూస్తేనేం. తెరిచి ఉంచుకుంటున్నాను, నలుగురూ అడక్కుండా."

"పుస్తకం నా చేత చదివించింది..."

"మరి? నీ నాలుక తిరిగితే నాకేంటి, తిరక్కపోతే నాకేంటి?"

అద్దాలాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ లోపలే ఇంకో ఆలోచన వచ్చేసింది. చీకట్లో చెయ్యి పెడితే తేలు తగిలినట్టు తగిలింది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

మాస్టారు కిటికీ వైపు ముఖం తిప్పాడు.

"కళ్ళు ఒక్క రోజులో పోవు. ఎప్పటి నుంచి మాస్టారూ?"

"ముందు అంచులు పోయాయి. తర్వాత మధ్య."

"అది కాదు నేనడిగేది. ఆవిడ ఉండగానేనా, పోయాకా?"

మాస్టారు వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉండగానే" అన్నాడు.

అద్దాలాయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. పడ్డ కుర్చీ పక్క నుంచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. ఏడాదికి పైగా ఈ మనిషి ఏం మోశాడో చెప్పుకుందాం. వాహనాల అద్దాలు ముట్టుకోవడం మానేశాడు. వీధిలో కారు ఎదురైతే ముందు అద్దం వైపు చూడకుండా తల తిప్పుకునేవాడు. అద్దం ఏదైనా సరే, బిగించే ముందు ఎత్తి పట్టుకుని, దానిలోంచి ఏదైనా తిన్నటి గీతని చూడాలి. తల అటూ ఇటూ ఊపినప్పుడు గీత వంకర పోతే ఆ అద్దంలో అల ఉన్నట్టు. అది పారేయాలి. పనిలో మొదటి రోజే నేర్పే పాఠం. మామగారి కారుకి బిగించిన నాడు మాత్రం ఆయన ఆ పని చెయ్యలేదు. పొద్దుగూకింది, చూడ్డానికి వెలుతురు లేదు, ఇంటి కారేగా అనుకున్నాడు. ఆ అద్దంలో అల ఉందేమో. ఉంటే ఎండ దాని మీద విరిగి భగ్గుమనే ఉంటుంది. ఆ 'ఏమో' ప్రతి పూటా ఆయన పక్కన కూర్చుని భోజనం చేసింది.

"ఎండ మెరిసిందన్నావు!" అని అరిచాడు. మాస్టారిని జీవితంలో మొదటిసారి నువ్వు అన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. "కళ్ళు లేవు, ఎండెక్కడ మెరిసింది నీకు? గుడ్డోడివి స్టీరింగ్ పట్టుకున్నావు. నీ కూతుర్ని గోడకేసి కొట్టావు. నా అద్దం మీదికి తోశావు! ఏడాది పాటు నేను... నీ పక్కన కూర్చుని, నువ్వు తిడుతుంటే పడి... మీ చిన్నది నన్ను అన్న మాటకి తల దించుకుని... ఛీ! చదువుకున్నోడివి కదా నువ్వు? చరిత్ర చెప్పావు కదా? ఇదా నువ్వు చెప్పిన చరిత్ర?"

చదువు లేనివాడికి కోపమొస్తే మాటలు వెతుక్కోనక్కర్లేదు. అవే వస్తాయి. వచ్చినన్నీ వచ్చాయి. ఆయన అంటుంటే అంటుంటే ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోతున్నట్టుంది కూడా. తను చంపలేదు. తన అద్దం చంపలేదు. ఇంత సుఖం ఆ మాటలో ఉంటుందని తెలియదు. భార్య చావు గురించి సుఖపడుతున్నందుకు మళ్ళీ వెంటనే ఒళ్ళు జలదరించింది.

మాస్టారు అన్నీ విన్నాడు. క్లాసులో అల్లరి సద్దుమణిగేదాకా ఆగే అలవాటు ఆయనకి ముందే ఉంది.

"అయిందా?"

"అవ్వలేదు."

"అయితే ఆ మిగిలింది కూడా అనెయ్యి. ఆ తర్వాత నేను చెప్పేది విని, అన్నవన్నీ వెనక్కి తీసుకుందువు గాని."

అద్దాలాయన ఊపిరి ఎగబీలుస్తూ నిలబడ్డాడు.

"నా కళ్ళ సంగతి పెద్దదానికి తెలుసు" అన్నాడు మాస్టారు. "అందరికంటే ముందు దానికే తెలిసింది. ఇదే బల్ల మీద, ఈ పటం మీదే పట్టేసింది. అందుకే ప్రయాణానికి అంత తొందరపడింది, పూర్తిగా ఆరిపోయేలోగా చూపించాలని. తెలిసిన రోజు నుంచి కారు తాళం నాకివ్వలేదయ్యా. దాని హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని తిరిగేది."

అద్దాలాయనకి ఆ మాట చెవిలో పడింది. అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

"మరి... కారు?"

"అదే నడిపింది."

"ఆవిడకి లైసెన్సు లేదు."

"లేదు. వీధి చివర మైదానంలో నేర్చుకుంది, నీకు తెలియకుండా. నీకు చూపించి ఆశ్చర్యపెడదామనుకుంది. జనం ఎవరు ఏ సీట్లో ఉన్నారో చూసుకోకుండానే మా ఇద్దర్నీ బయటికి లాగి గట్టు మీద పడుకోబెట్టారు. పోలీసులు ఆస్పత్రికి వచ్చి, ఎవరు నడిపారంటే, నేనన్నాను. చచ్చిపోయిన పిల్ల మీద లైసెన్సు లేని నేరం కూడానా? నాకు లైసెన్సు ఉంది. కళ్ళు లేవని వాళ్ళకేం తెలుసు?"

"మరి ఎండ మెరిసిందని..."

"అబద్ధం చెప్పాలన్నా సరుకు కావాలిగా. గుడ్డివాడు ఏం చూశాడని చెప్తాడు? గోడకి తగిలే ముందు అది ఒక మాట అంది. అద్దం గురించి. నేను అందులో సగం తీసుకుని పోలీసులకి చెప్పాను. మిగతా సగం నా దగ్గరే ఉంది."

కింద మోటార్ సైకిల్ ఎట్టకేలకి అందుకుంది. ఆ మోత వీధి మలుపు దాకా పోయి సన్నబడింది.

అద్దాలాయన పడ్డ కుర్చీ లేపి, దాని మీద కూర్చున్నాడు. దిగిపోయిందనుకున్న బరువు ఎక్కడికీ పోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు తొడుక్కోవడం మరిచి వెనక్కి వచ్చింది. చూపున్న మనిషే నడిపింది. చూపున్న మనిషే అద్దం గురించి ఏదో అంది.

"ఏమంది?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఏమంది?"

"ఇక్కడ చెప్పను. ఆ గోడ మీద నిలబెట్టు నన్ను. సముద్రం గోడ మీద. దాన్ని చేత్తో తడుముతాను, మెట్లు కాళ్ళతో చూస్తాను. గాలి ఎటు నుంచి వస్తుందో నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. అక్కడ చెప్తాను."

"బేరమా?"

"బేరమే. ఇంకేం మిగిలింది నా దగ్గర అమ్ముకోవడానికి? నా కళ్ళ సంగతి చిన్నదానికి తెలిసిందో, రేపీపాటికి దాని ఇంట్లో ఒక గదిలో, ఒక కుర్చీలో ఉంటాను. గోడకేసి కూర్చోబెట్టినా నాకు తెలియదు. అక్కడ చచ్చేదాకా నోరు విప్పను. నువ్వు కొట్టినా సరే."

"అసలావిడ ఏమీ అనలేదేమో. ఆవిడ నడపనూ లేదేమో. మీరే నడిపి, ఇప్పుడు చచ్చిన మనిషి మీదికి నెడుతున్నారేమో."

"నెడుతున్నానేమో" అన్నాడు మాస్టారు నిదానంగా. "కారులో ముగ్గురం లేము కదయ్యా, ఇంకొకర్ని అడిగి తెలుసుకోడానికి."

గుమ్మం గంట మోగింది. ఒకసారి, వెంటనే ఇంకోసారి. ఆ ఇంట్లో అలా తోసుకుంటూ గంట కొట్టేది మరదలొక్కతే.

అద్దాలాయన తలుపు దాకా నడిచాడు. నాలుగు అడుగుల దూరం కూడా లేదు. ఆ కాస్త దూరంలో ఆయనకి రెండు దారులు కనిపించాయి. ఒకటి నున్నటి రోడ్డు. తలుపు తీసి, "మీ నాన్నకి కళ్ళు లేవమ్మా, మీ అక్క ఉండగానే పోయాయి" అంటే చాలు. నిజమెవరికి కావాలి? గుడ్డివాడు కారు నడిపాడని ఊరంతా నమ్ముతుంది. ముసలాయన కాదన్నా వినేవాళ్ళుండరు. మరదలు ఇదే గుమ్మంలో బావా అని చేతులు పట్టుకుని ఏడుస్తుంది. అద్దాలాయన తల ఎత్తుకుని వీధిలో నడుస్తాడు. ఎంత కడుక్కున్నా పోని మరక ఒక్క మాటతో పోతుంది. కానీ ఆ సగం మాట ఇక ఎప్పటికీ వినపడదు. అది కావాలంటే రెండో దారే, అబద్ధం.

తలుపు తీశాడు.

"ఏం బావా, నిద్రపోతున్నారా ఇద్దరూ? ఎంతసేపు కొట్టాలి?" భుజానికి సంచీ, చేతిలో ఫోనుతో మరదలు లోపలికి వచ్చేసింది. "ఆఫీసువాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇప్పుడు ఊఁ అంటే టికెట్లు అయిపోతాయి. నాన్నా, ఎలా ఉన్నారు?"

"రా అమ్మా, చిన్నదానా. ఎండన పడి వచ్చావు" అన్నాడు మాస్టారు, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి. సరిగ్గానే తిప్పాడు. ఎంత సాధన చేశాడో.

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. బావ వంక చూసింది. గొంతు తగ్గించింది.

"బావా, నువ్వు నాకు నచ్చవు. ఆ సంగతి నీకూ తెలుసు. కానీ రోజూ ఆయన్ని చూసేది నువ్వు. అక్క మీద ఒట్టేసి చెప్పు. నాన్న చూపు ఎలా ఉంది?"

అక్క మీద ఒట్టు. ఎక్కడ గుచ్చాలో ఆ పిల్లకి తెలుసు. ఈ ఇంటివాళ్ళందరికీ తెలుసు.

"మాస్టారి చూపుకేం" అన్నాడు అద్దాలాయన. "నాకు కనపడనివి కూడా ఆయనకి కనపడతాయి."

మరదలు ఇంకా కదల్లేదు. ఆ పిల్ల కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. పుట్టి పెరిగిన ఇంట్లో, పుట్టినప్పటి నుంచి చూసిన బల్ల. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇదేమిటి, పటం తలకిందులుగా ఉందేం? నాన్నా, మీరు దీని ముందు కూర్చుని కూడా..."

మాస్టారి చెయ్యి ఒళ్ళో బిగుసుకుంది.

"నేనే తిప్పాను" అన్నాడు అద్దాలాయన. "ఆయనకి కంఠతా వచ్చు, చూడక్కర్లేదు. ఈ ప్రయాణంలో దారి చూడాల్సినవాణ్ణి నేను. పటం నాకు తిన్నగా ఉండాలిగా?"

ఒక్క క్షణం. మరదలు భుజాలు దిగాయి.

"బాగానే ఉంది. ఇన్నాళ్ళకి ఒక పని బుర్ర పెట్టి చేశావు" అంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి నడుస్తూ, "ఆఁ, చేసెయ్యండి. ఇద్దరే. కిటికీ పక్క సీటు నాన్నగారికి ఇవ్వండి, ఆయన అన్నీ చూడాలి" అంటోంది.

అద్దాలాయన బల్ల దగ్గరికి వచ్చాడు. ఆనుకోడానికి అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. దాని కింద దేశం నిశ్శబ్దంగా పడి ఉంది, సముద్రం ఆయన వైపు, కొండలు మాస్టారి వైపు.

మాస్టారు ముందుకి వంగి, వేళ్ళతో బల్ల అంచు తడిమి, అద్దాన్ని ఒక మూల పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. అది జరగలేదు.

"బాగా బిగించావయ్యా" అన్నాడు, వరండాలోకి వినపడనంత మెల్లగా. "ఇది ఊగట్లేదు."

ఇది, అన్నాడు. మరి ఆ కారుది?

అద్దాలాయన అరచెయ్యి అద్దం మీద అలాగే ఉండిపోయింది. వరండాలో మరదలు ఎవరికో వాళ్ళ పేర్లు ఒక్కొక్క అక్షరం చొప్పున చెబుతోంది.